ముందు తిరుగు బస్సు, ఆ తర్వాతే కొండ

ప్రశ్న: మాది పార్వతీపురం దగ్గర పల్లె. ఉద్యోగం మీద ఎనిమిది నెలల క్రితం కొరాపుట్ జిల్లా సెమిలిగుడ వచ్చాం. నేనొక గోడౌన్‌లో లెక్కలు రాస్తాను. ఆదివారం ఒక్కటే సెలవు. బండి లేదు, ఇప్పట్లో కొనే పరిస్థితీ లేదు. మా పాపకు పదకొండేళ్ళు, ఆరో తరగతి. కిటికీలోంచి కొండలు చూస్తూ "నాన్నా, అక్కడికి ఎప్పుడు వెళ్దాం?" అంటుంది. దేవమాలి ఎక్కాలని దాని పట్టుదల. బండి లేకపోతే ఇక్కడ ఏమీ చూడలేమని ఇరుగుపొరుగు వాళ్ళంటున్నారు. నాకూ మా ఆవిడకూ ఒడియా సరిగ్గా రాదు. పొద్దున బస్సెక్కి, కాసేపు కొండదారిలో నడిచి, చీకటి పడేలోగా ఇంటికి చేరగలిగే దారులు ఉన్నాయా? పాపను తీసుకెళ్ళడం క్షేమమేనా? (పేరు రాయవద్దన్నారు.)

సమాధానం:

బండి లేకపోతే కొండలు చూడలేమని మీతో అన్నవాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. ఆ కొండల మీద పుట్టి పెరిగిన వాళ్ళలో చాలామందికి బండి లేదు. పొద్దున్నే అల్లం బుట్టలు, కూరగాయలు నెత్తిన పెట్టుకుని నడిచి దిగుతారు. సంత చేసుకుని, రోడ్డు మీదికొచ్చి బస్సో ఆటోనో పట్టుకుంటారు. దిగినచోట మళ్ళీ నడక. కాబట్టి ఈ జిల్లాలో బస్సూ కాలిబాటా ఎప్పుడూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. మీరు అడుగుతున్న దారులు ఉన్నాయి. కాకపోతే వాటికి పేర్లుండవు, బోర్డులుండవు. వాటిని ఎలా వెతుక్కోవాలో తెలిస్తే ఈ చలికాలంలో మీకు ఒక్క ఆదివారం కూడా ఖాళీ ఉండదు.

నేను ఈ జిల్లాకు కాపురానికి వచ్చేనాటికి రాయగడ, నవరంగపురం, మల్కనగిరి ఇంకా విడిపోలేదు. 1992లో నాలుగు జిల్లాలయ్యాయి. మాకూ అప్పుడు బండి లేదు. చూసినవన్నీ బస్సు దిగి చూసినవే. అందుకే మీ ఉత్తరానికి కొంచెం వివరంగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది తిరుగు బస్సు గురించి. ఎక్కడికి వెళ్ళాలా అని మొదట ఆలోచించకండి. ఎక్కడి నుంచి సాయంత్రం బస్సు ఉంది, దాని ముందు ఇంకో బస్సు ఉందా అని ఆలోచించండి. రెండు బస్సులున్న దారి మీదే పాపను తీసుకెళ్ళండి. ఆఖరి బస్సును లెక్కలోకి తీసుకోవద్దు, అది లేదనుకోండి. దాని ముందు బస్సే మీ బస్సు. ఆఖరిది అవసరానికి దాచుకునేది.

ఇలా గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పెళ్ళయిన రెండో ఏడు నేను, మా వారు, మా మరిది పొట్టంగి దాటి ఒక ఊరికి వెళ్ళాం. దిగినచోట దుకాణంలో అడిగితే సాయంత్రం ఐదు తర్వాత బస్సు ఉందన్నారు. బస్సు వచ్చింది. కానీ ఆ రోజు దగ్గర్లో సంత. లోపల మనుషులు, పైన బస్తాలు, మెట్ల మీద వేలాడే కుర్రాళ్ళు. మేం చెయ్యెత్తినా డ్రైవరు ఆపలేదు, ఆపడానికి చోటూ లేదు. చీకట్లో ఘాట్ రోడ్డు మీద లారీల మధ్య అరగంట నడిచాక ఒక ఇంట్లో దీపం కనిపించింది. ఆ ఇంటి ముసలమ్మ మాట మాకు అర్థం కాలేదు, మా మాట ఆమెకు అర్థం కాలేదు. నెగడు వేసి, చోడి అంబలి పోసి, ముగ్గురికీ పడుకోవడానికి చోటు చూపించింది. పొద్దున్న మొదటి బస్సుకు వచ్చేశాం. ఆ అంబలి రుచి ఇప్పటికీ మరిచిపోలేదు. అయినా పదకొండేళ్ళ పిల్లతో ఆ రాత్రి వద్దు.

అందుకని వేళ ఎప్పుడూ ఆ బస్సు డ్రైవర్నో కండక్టర్నో అడగండి. దిగేటప్పుడే అడగండి. ఒడియాలో ఈ ఒక్క మాట నేర్చుకోండి: "శేష బస్ కేతేబేళే?" ఆఖరి బస్సు ఎప్పుడు అని. దాంతోపాటు ఈ రోజు చుట్టుపక్కల ఎక్కడైనా హాట ఉందా అనీ అడగండి. హాట అంటే సంత. సంత రోజున పొద్దున బండ్లు ఎక్కువుంటాయి, సాయంత్రం బస్సులో చోటుండదు. ఆదివారాల్లో కొన్ని రూట్లలో ప్రైవేటు బస్సులు తగ్గుతాయి కూడా. పోయిన వారం చూసిన టైము ఈ వారం నమ్మకండి.

ఇప్పుడు వెనక్కి తిరిగే వేళ. మీ బస్సు నాలుగింటికి అనుకుందాం. మూడుంబావుకల్లా స్టాపులో ఉండాలి. తొమ్మిదిన్నరకు నడక మొదలుపెట్టారంటే పన్నెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. శిఖరం పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. తిన్నారా, కాసేపు కూర్చున్నారా, అదంతా ఆ లెక్కలోదే. దిగడం తొందరగా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడి కొండల్లో అలా కాదు. పైనంతా ఎర్రమట్టి, దానిమీద చిన్న చిన్న ఎర్ర గులకరాళ్ళు. ఎక్కేటప్పుడు ఏమీ అనిపించదు, దిగేటప్పుడు కాలికింద గోళీల్లా దొర్లుతాయి. పిల్లలు పరిగెత్తి పడేది అక్కడే. చెప్పులు కాకుండా అడుగున గాట్లున్న బూట్లు వేయండి. బడి బూట్లు నున్నగా అరిగిపోయి ఉంటే అవి పనికిరావు.

పైగా ఇక్కడ పొద్దు తొందరగా వాలుతుంది. మన దేశపు గడియారానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం జయపురం పక్కనుంచే పోతుంది. డిసెంబరులో ఐదుంబావు దాటిన కాసేపటికే సూర్యుడు దిగిపోతాడు. కొండ మడతల్లో నీడ ఇంకా ముందే కమ్ముతుంది. ఎలుగుబంట్లు తిరిగేది కూడా ఆ సంజ వేళల్లోనే.

ఇక దారులు.

సెమిలిగుడలో ఉండటం మీ అదృష్టం. ఊరే సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు చాలావరకు మీ ఇంటి దగ్గరికే వచ్చింది. ఊరి నడిబొడ్డునుంచి 26వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఒకవైపు సునాబెడ, కొరాపుట్, జయపురం. ఇంకోవైపు కుందులి, పొట్టంగి, సుంకి, ఆ ఘాట్ దిగితే సాలూరు. విశాఖపట్నం, జయపురం మధ్య తిరిగే మన ఆర్టీసీ బస్సులు, ఒడిశా బస్సులు, ప్రైవేటు బస్సులు అన్నీ ఈ రోడ్డు మీదే. రోజంతా ఏదో ఒకటి దొరికే రోడ్డు ఇది. మొదటి నాలుగైదు ఆదివారాలు ఈ రోడ్డును వదలకండి.

సెమిలిగుడ నుంచి పొట్టంగి వైపు బస్సెక్కండి. కుందులి దాటాక, పొట్టంగి రాకముందు, రోడ్డు పక్క నుంచి ఊళ్ళలోకి సిమెంటు రోడ్లో తారు రోడ్లో చీలిపోతుంటాయి. అలాంటి చీలిక దగ్గర దిగండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్లకు మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎన్ని కిలోమీటర్లు అని దానిమీద రాసి ఉంటుంది. మీకు ఒడియా రాదన్నారు గానీ, పాప ఇక్కడి బళ్ళో చదువుతుంటే దానికి ఈపాటికి అక్షరాలు వచ్చేసి ఉంటాయి. బోర్డు చదివే పని దానికి అప్పజెప్పండి. బస్సు ముందు బోర్డు కూడా అదే చదవాలి. మీరు దాన్ని తీసుకెళ్ళడం కాదు, అదే మిమ్మల్ని తీసుకెళ్తుంది. ఆ వయసు పిల్లలు అలాంటి పని ఇస్తే అలసట మరిచిపోతారు.

రెండు కిలోమీటర్లు మించని రోడ్డు ఎంచుకోండి. ఊరి దాకా రోడ్డు మీద నడిచి, ఊరు దాటి వెనకున్న గట్టు ఎక్కే బాట పట్టుకోండి. "బాట" అనే మాట ఒడియాలోనూ బాటే. "ఏ బాట కువాడే జాఉచి?" అంటే ఈ బాట ఎటు పోతుంది అని. ఊళ్ళలో మాట్లాడేది దేశియా, కొరాపుట్ ఒడియా. మాట తీరు వేరుగా ఉన్నా ఈ ప్రశ్న అర్థమవుతుంది. పొట్టంగి, సుంకి వైపైతే సాలూరు సంతలకు తిరిగినవాళ్ళుంటారు, తెలుగులోనే జవాబు రావచ్చు. మొత్తం మీద రానూ పోనూ ఆరు కిలోమీటర్లు దాటనివ్వకండి. పాపకు అలవాటయ్యాక పెంచుకోవచ్చు.

ఇక్కడివాళ్ళు కొండల్ని పిలిచే తీరు తెలుసుకుంటే నడక సులువవుతుంది. పైన బల్లపరుపుగా, గడ్డితో ఉండేది మాలి. దేవమాలిలో మాలి అదే. సాగు చేసుకునే వాలు డొంగర్. రెండు కొండల మధ్య సన్నటి వాగు పొడవునా మెట్లుమెట్లుగా వరి మళ్ళు కట్టిన చోటు జోలా. కొత్తవాళ్ళు చేసే తప్పు ఏమిటంటే, అడ్డంగా పోతే దగ్గరని జోలాలో దిగడం. గట్టు సన్నగా, తడిగా ఉంటుంది. మీ కాలు జారితే గట్టు తెగుతుంది, పై మడి నీళ్ళు కింది మడిలోకి పోతాయి. ఒక కుటుంబం తరతరాలుగా చేత్తో కట్టుకున్న మళ్ళవి. కొరాపుట్ రైతుల ఈ సంప్రదాయ సేద్యాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అందుకని జోలా కనిపిస్తే పక్కనున్న బాట మీదే తిరిగి రండి, కిలోమీటరు ఎక్కువైనా సరే. వానలో ఐతే జోలా అసలు దాటకండి. పైన ఎక్కడో కురిసిన వాన ఇక్కడ అరగంటలో మోకాలి లోతు అవుతుంది.

మంచి బాట ఏదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి మార్గం కుందులి సంత. శుక్రవారం జరుగుతుంది. ఈ ప్రాంతంలోని పెద్ద సంతల్లో అదొకటి. ఒక్క శుక్రవారం సెలవు పెట్టి, పొద్దున్నే అక్కడికి వెళ్ళండి. ఎక్కడానికి కాదు, చూడటానికి. మంచు ఇంకా విడవకముందే నాలుగు వైపుల నుంచి జనం దిగుతూ ఉంటారు. అల్లం, పసుపు, చిక్కుళ్ళు, కోళ్ళు. ఏ గట్టు మీంచి ఎక్కువమంది దిగుతున్నారో చూడండి. అది రోజూ కాళ్ళు పడే బాట, ముళ్ళు కొట్టిన బాట, వాగు దగ్గర రాళ్ళు పరిచిన బాట. మీరు నడవాల్సింది అదే. ఏ ఊరి నుంచి వచ్చారని కూరగాయలు కొంటూ అడిగితే చెప్తారు. తర్వాతి ఆదివారం ఆ ఊరి వైపు బస్సు దిగండి. సంతలో కలిసిన మనిషి ఊళ్ళో ఎదురుపడితే ఇక మీరు కొత్తవాళ్ళు కారు. నేను ఈ జిల్లాలో చూసిన మంచి చోట్లలో సగం ఇలా తెలిసినవే.

నవంబరులో, డిసెంబరు మొదట్లో వెళ్తే డొంగర్ల మీద వలిసె పూలు. అరకులో జనం ఫోటోలు దిగేది వీటితోనే. ఇక్కడ దీన్ని అలసి అంటారు. ఆ పసుపు రంగులో ఫోటో దిగాలని పాపకు ఉంటుంది. గట్టు మీద నిలబెట్టి తీయండి, చేలో దింపకండి. ఆ గింజ నూనెకు అమ్ముకునేది.

ఇక దేవమాలి. ఎత్తు 1,672 మీటర్లు, ఒడిశాలో అదే పెద్ద శిఖరం. మన అల్లూరి జిల్లా ఆర్మ కొండ దానికన్నా కొంచెమే ఎక్కువ. పాపకు నేరుగా చెప్పండి: ఎక్కుదాం, కానీ మొదటి నెలలో కాదు. బస్సు కొండ మీదికి పోదు. కుందులిలో దింపుతుంది. అక్కడి నుంచి కొండ మొదలు వరకు నడిచి, ఎక్కి, దిగి, మళ్ళీ కుందులి దాకా నడవడం చిన్నపిల్లకు ఒక్క రోజులో కుదరదు, చలికాలపు చిన్న పగటిలో అసలే కుదరదు. కాబట్టి కుందులిలో ఆటోనో జీపో మాట్లాడుకోండి. వదిలేసి వెళ్ళే ఆటో కాకుండా, కింద ఆగి మిమ్మల్ని తిరిగి తెచ్చే ఆటో మాట్లాడుకోండి. ముందే ధర, ముందే వేళ. మరో కుటుంబం కలిస్తే ఖర్చు సగం పంచుకోవచ్చు. మీ బడ్జెట్‌లో ఖర్చుతో కూడిన ఆదివారం ఇదొక్కటే, దీనికి దాచుకోండి.

శిఖరం దగ్గర్లోకి రోడ్డు ఉంది. బండ్లన్నీ దాని మీద పోతాయి. ఆటోను ఆ పై దాకా తీసుకెళ్ళకుండా ఆఖరి ఊళ్ళో ఆపించి, అక్కడి నుంచి నడవండి. రోడ్డు వంపుల మధ్య ఊరివాళ్ళు తొక్కిన అడ్డబాటలు కనిపిస్తాయి, రోడ్డు కంటికి ఆనినంత వరకే వాటి మీద నడవండి. పైన చెట్లుండవు, గడ్డి, గాలి. కింద స్వెట్టరు అక్కర్లేకపోయినా అక్కడ కావాలి. చెమట పట్టిన బట్టల మీద ఆ గాలి తగిలితే పిల్లలు వణికిపోతారు, కాబట్టి పాపకు ఒక పొడి చొక్కా సంచీలో పెట్టండి. నీళ్ళు పైన దొరకవు, మనిషికి రెండు లీటర్లు. పొద్దున మంచు ఎనిమిది, తొమ్మిదింటి దాకా ఉంటే తొందరపడకండి. మంచులో బాట తప్పడం తేలిక. తెల్లారి సూర్యోదయం చూడాలంటే రాత్రే వెళ్ళాలి, బస్సుల మీద ఆధారపడే మీకు అది కుదరదు. మధ్యాహ్నపు దేవమాలి కూడా తక్కువేమీ కాదు. మంచు విడిపోయాక ఒక దాని వెనక ఒకటి కొండలు కనిపించేది అప్పుడే.

ఏప్రిల్ నుంచి వానలయ్యే దాకా మాత్రం పాపతో ఆ శిఖరం వద్దు. పిడుగులు. చెట్టు లేని గడ్డి మైదానంలో నిలబడ్డ మనిషే అన్నిటికన్నా ఎత్తు. ఏ కొండ మీదున్నా ఒక్క ఉరుము వినిపిస్తే ఆకాశం వైపు చూస్తూ నిలబడకుండా దిగిపోవడమే. పుణెలోని వాతావరణ శాస్త్రవేత్తలు తయారుచేసిన దామిని అనే యాప్ ఉంది, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది. ఫోనులో వేసుకోండి. కొండ మడతల్లో సిగ్నల్ పోతుంది కాబట్టి బయల్దేరే ముందు, బస్సు దిగినచోట చూసుకోండి.

నందపూర్ వేరే రోజుకు. సెమిలిగుడ నుంచి అటు బస్సులున్నాయి. జయపురం రాజులకు ఒకప్పటి రాజధాని అది. ముప్పై రెండు మెట్ల సింహాసనం అని చెప్పే బత్రిశా సింహాసన్ ఊళ్ళోనే చూడొచ్చు. సుబాయిలో పాత జైన విగ్రహాలున్నాయి. రాణి దుదుమ అనే జలపాతం ఆ చుట్టుపక్కలదే, దానికి అక్కడి ఆటో మాట్లాడుకోవాలి. మీ ఆవిడకు ఎక్కువ ఎక్కడం ఇష్టం లేకపోతే ఈ రోజు బాగుంటుంది.

పెద్ద దుదుమ, మాచ్‌కుండ్ నది మీది జలపాతం, మీకు చాలా దూరపు ప్రయాణం. లమతాపుట్ మీదుగా వెళ్ళాలి. కిందికి వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. 1955 నుంచి రెండు రాష్ట్రాలకు కరెంటు ఇస్తున్న మాచ్‌కుండ్ ప్రాజెక్టు అక్కడే, దానివల్ల జలపాతంలో నీళ్ళు అన్ని రోజులూ ఒకేలా ఉండవు. పండగ సెలవు కలిసొచ్చి, ఒక రాత్రి జయపురంలో బంధువుల ఇంట్లో ఉండగలిగితే అప్పుడు చూసుకోండి. అటు వెళ్ళినప్పుడు ఒనకడెల్లి సంత, అక్కడికి వచ్చే బోండా తెగవాళ్ళు అని ఎవరైనా చెప్తే వాళ్ళను చూడటానికి మాత్రం వెళ్ళకండి. వాళ్ళ పనిమీద వాళ్ళు సంతకు వచ్చినవాళ్ళు. చుట్టూ చేరి ఫోనులెత్తితే మన ఇంటి ఆడవాళ్ళకు ఎలా ఉంటుందో వాళ్ళకూ అలాగే ఉంటుంది.

పాప క్షేమం గురించి అడిగారు. మనుషుల వల్ల నాకు ఇన్నేళ్ళలో భయం కలగలేదు. కానీ కొన్ని జాగ్రత్తలు తప్పవు. బస్సులో ఎవరైనా "ఈ బ్యాగు సాలూరులో మావాళ్ళు తీసుకుంటారు, కాస్త పట్టుకోండి" అంటే ఎంత పెద్దమనిషైనా పట్టుకోకండి. ఈ దారిలో గంజాయి కోసం తనిఖీలు జరుగుతాయి, బ్యాగు ఎవరి చేతిలో ఉంటే కేసు వాళ్ళ మీద. ముగ్గురి ఆధార్ కార్డులూ దగ్గర పెట్టుకోండి. బాట వదిలి అడవి లోపలికి, మనుషులు తిరగని తోటల్లోకి పోకండి.

సెమిలిగుడ దగ్గరే ఉన్న మాలి పర్వతం మీద బాక్సైట్ తవ్వకాల గురించి ఏళ్ళుగా ఊళ్ళకూ కంపెనీకీ మధ్య గొడవ ఉంది. ఫోను ఎత్తి కొండను తీసే కొత్త మనిషిని చూస్తే సర్వేకు వచ్చారని అనుకుంటారు, అనుకోవడంలో తప్పు లేదు. ఆ వైపు ఊళ్ళలోకి తెలిసినవాళ్ళు తోడుంటేనే వెళ్ళండి. దమన్‌జోడి గనుల వైపు నడక ఎలాగూ కుదరదు. సునాబెడలో విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ గోడ చుట్టుపక్కల ఫోటోలు తీయకండి.

చైత్రమాసంలో చైత పరబ్ వస్తుంది, మన అరకు వైపు ఇటుకల పండగ లాంటిదే. మగవాళ్ళు వేటకు అడవిలో ఉంటారు. ఆడపిల్లలు రోడ్డుకు అడ్డంగా నిలబడి పాటలు పాడి పండగ డబ్బులు అడుగుతారు. బస్సు ఆగితే కంగారు పడకండి, చిల్లర పెట్టుకోండి. ఆ రోజుల్లో కొండ బాటలు మాత్రం మానేయండి.

మలేరియాను తేలిగ్గా తీసుకోకండి. వాగుల పక్కన సాయంత్రం వేళ కూర్చోవద్దు, పాపకు పొడుగు చేతులు, పొడుగు ప్యాంటు. నడిచొచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం వచ్చినా ఎండ దెబ్బ అనుకోకుండా ఆ రోజే రక్తపరీక్ష చేయించండి. ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్ ఉంటుంది. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా తాగకండి, పైన పశువులు దిగుతాయి. ఎవరైనా ఆనపకాయ బుర్రలోంచి అంబలి పోస్తే మాత్రం తాగండి. జీలుగు కల్లు ఇస్తే చేతులు జోడించి వద్దనండి, నొచ్చుకోరు.

2023లో ఒడిశా ప్రభుత్వం పంచాయతీల నుంచి బ్లాక్ (మన మండలం లాంటిది) కేంద్రాలకు చిన్న బస్సులు మొదలుపెట్టింది. మొదట పెట్టిన పేరును బట్టి జనం వాటిని లక్ష్మీ బస్సులనేవారు. హైవే మీది ఊళ్ళు అయిపోయాక మీకు ఇక అవే దారి. బ్లాక్ కేంద్రం స్టాండులో అవి ఏ ఊరి దాకా పోతాయో, అక్కడ ఎంతసేపు ఆగుతాయో కనుక్కోండి. కొన్నిటికి రోజుకు ఒకట్రెండు ట్రిప్పులే, అలాంటి చోట బస్సులో పైకి వెళ్ళి, హైవే దాకా దిగుతూ నడిచి రండి. ఎక్కడం బస్సు చేస్తుంది, దిగడం మీరు చేస్తారు. కింద హైవే మీద బస్సు ఎలాగూ దొరుకుతుంది. చిన్నపిల్లలున్నవాళ్ళకు ఇంతకన్నా హాయైన పద్ధతి నాకు తెలియదు. హైవే మీద మాత్రం అర కిలోమీటరు కూడా నడవకండి. సాలూరు లారీలు ఆ మలుపుల్లో ఎంత వేగంగా వస్తాయో మీకు తెలిసే ఉంటుంది.

ఈ ఆదివారం ఎక్కడికీ వెళ్ళకండి. ముగ్గురూ పొద్దున్నొకసారి, సాయంత్రమొకసారి సెమిలిగుడ బస్టాండుకు వెళ్ళి ఒక గంట కూర్చోండి. పాప చేతికి చిన్న నోటుబుక్కు ఇవ్వండి. వచ్చిన ప్రతి బస్సు బోర్డూ చదివి, ఊరు పేరు, వచ్చిన వేళ, కండక్టరు చెప్పిన తిరుగు వేళ రాసుకోమనండి. రెండు వారాలు అలా రాస్తే దాని దగ్గర ఉండే టైంటేబుల్ ఊళ్ళో ఇంకెవరి దగ్గరా ఉండదు. మూడో ఆదివారం పొట్టంగి బస్సెక్కండి. అప్పటికి వలిసె పూసి ఉంటుంది.